మా అమ్మాయి రిటైర్మెంటు

మా అమ్మాయి లిఖిత ఇరవై రెండో ఏట ఉద్యోగం నుంచి రిటైరైంది. శాలువా కప్పారు, గులాబీల దండ వేశారు, పడక కుర్చీ బహూకరించారు. నమ్మనివాళ్ళు మా ఊరు వచ్చి ఆర్టీసీ బస్టాండు ఎదురుగా చూసుకోవచ్చు, ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. ఎండకు కాస్త రంగు వెలిసింది గానీ మొహం తెలుస్తోంది. ఆ ఫ్లెక్సీ వేసింది నేనే.

మొన్న ఆ ఫ్లెక్సీ ఫోటో నా ఫేస్‌బుక్ పేజీలో పెడితే ఒకాయన కింద కామెంట్లో "పెన్షన్ ఎంత వస్తుందండీ" అని అడిగాడు. ఇంకొకాయన "అమ్మాయికి ఆరోగ్యం బాగాలేదా" అని పరామర్శించాడు. అందరికీ విడివిడిగా జవాబివ్వడం నా వల్ల కాదు. అందుకని జరిగింది జరిగినట్టు ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పెద్దదే. టీ పెట్టుకుని చదవండి.

నాకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజు, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం, శ్రద్ధాంజలి, ఏది చెప్పినా గంటలో వేసిస్తాను. మా ఊళ్ళో డిగ్రీ కాలేజీ ఒకటుంది. నా ఆర్డర్లలో సగం వాళ్ళవే, అందుకని పేరు చెప్పను. దాని కరస్పాండెంటు రంగనాయకులు గారిది ఒకప్పుడు గ్రానైటు క్వారీ. క్వారీలో రాయి అయిపోయాక ఆయన దృష్టి చదువుల మీద పడింది.

లిఖిత అక్కడే బీజెడ్‌సీ చదివింది. అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆదిలక్ష్మి వంటింట్లో రొయ్యలు ఒలుస్తుంటే ఇది పక్కన కూర్చుని ఒక్కోదాన్ని వెల్లకిలా తిప్పి కాళ్ళెలా ఉన్నాయో, కడుపెక్కడుందో చూస్తూ ఉండేది. కూర పొయ్యి మీదికి ఎక్కేసరికి మధ్యాహ్నం అయ్యేది. అలాంటి పిల్లను కంప్యూటర్లలో చేర్పించబుద్ధి కాలేదు. బీజెడ్‌సీ చదివినవాళ్ళకు ఉద్యోగాలు రావని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ అది పుస్తకం తెరిచినప్పుడు దాని మొహం చూస్తే ఆ మాట అనలేకపోయాను.

అది చివరి సంవత్సరంలో ఉండగా ఉన్నత విద్యా ఉపాధి అనుసంధాన మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. పంద్రాగస్టు ఫ్లెక్సీ ఆర్డరు కోసం నేను ప్రిన్సిపాల్ గారి గదిలోనే కూర్చుని ఉన్నాను. ప్రిన్సిపాల్ చెంచురామయ్య గారు డాక్టరేటు చేసిన మనిషి. మామూలు మాట కూడా గెజిట్‌లో అచ్చైనట్టు మాట్లాడతారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని కరస్పాండెంటు గారికి చదివి వినిపించారు.

"పట్టా పొందిన విద్యార్థి ఉపాధి పొందకుండుట సదరు విద్యాసంస్థ యొక్క ఉత్పత్తి లోపముగా పరిగణించబడును. ఏ కోర్సునందైనను ఒక్క విద్యార్థి ఉపాధిరహితుడుగా మిగిలినచో సదరు కోర్సు రద్దు చేయబడును. ఉపాధి కల్పన జరిగినట్లు విద్యార్థి ఛాయాచిత్రముతో, హోదాతో, ప్రజలు సంచరించు కూడలియందు ఫ్లెక్సీ రూపమున ప్రకటించవలెను. కాగితపు రుజువులు స్వీకరించబడవు."

"కాగితాలు ఎందుకు వద్దంట?" అన్నారు రంగనాయకులు గారు.

"కాగితాలు ఎవరైనా పుట్టించవచ్చునండీ. నడిబజారులో, నలుగురు చూసే చోట, నిలువెత్తు అక్షరాలతో అబద్ధం రాసే సాహసం ఎవరికి ఉంటుందని మండలి వారి అభిప్రాయం."

నేను ఈ వృత్తిలో ఇన్నేళ్ళుగా ఉన్నాను. మా మెషీను మీద గౌరవంతో ఇంత గొప్ప మాట ఎవరూ అనగా వినలేదు. ఒళ్ళు పులకరించింది.

"మన ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఏడీ, పిలువు," అన్నారు రంగనాయకులు గారు.

"ఆయనకు వేరే ఊళ్ళో మంచి ప్లేస్‌మెంట్ దొరికిందండీ. వెళ్ళిపోయారు."

"అంటే ఆ పోస్టు ఖాళీనా?"

"ఖాళీయేనండీ."

రంగనాయకులు గారు కాసేపు పైన ఫ్యాను వంక చూశారు. క్వారీలో ఎక్కడ మందు పెడితే బండ పగులుద్దో చూపుతో పట్టేసే మనిషని ఆయనకు పేరు.

"ఆ పోస్టులో ఒక్కడే ఉండాలని రూలుందా సారూ?"

"అట్టి నిబంధన ఏదియూ లేదండీ."

"ఇంకేం, బీజెడ్‌సీ పిల్లలందర్నీ దాంట్లో ఏసెయ్. జూనియర్లకి ఉజ్జోగాలు చూడటమే ఈళ్ళ ఉజ్జోగం. మన పిల్లలకి మనమే ఇయ్యకపోతే బయటోడు ఎందుకిస్తాడు?"

చెంచురామయ్య గారు లేచి నిలబడి చేతులు జోడించారు. "జీతభత్యముల విషయం?"

"నువ్వే చెప్పు, చదువుకున్నోడివి."

"గౌరవ వేతనం అందామండీ. గౌరవం వెంటనే, వేతనం నిధుల లభ్యతను బట్టి."

అలా మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. హోదా 'ప్లేస్‌మెంట్ అసోసియేట్'. ఆ ఫ్లెక్సీ నేను దగ్గరుండి వేశాను. 'నూటికి నూరు శాతం ఉద్యోగాలు' అని పైన పెట్టి, కింద బీజెడ్‌సీ బ్యాచి మొహాలన్నీ వరసగా పేర్చాను. లిఖిత మొహం మధ్యలో పెట్టి, మిగతావాటి కంటే ఓ బెత్తెడు పెద్దది చేశాను. తండ్రిని కదా. బస్టాండు ఎదురుగా కట్టిన సాయంత్రం ఆదిలక్ష్మి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తీసుకొచ్చి ఫ్లెక్సీకి దిష్టి తీసింది. ఒంగోలు బస్సు డ్రైవరు అది పూర్తయ్యేదాకా బండి ఆపుకుని ఓపిగ్గా చూశాడు.

ఇక లిఖిత రోజూ మెడలో ఐడీ కార్డు వేసుకుని, తోటి అసోసియేట్లతో కలిసి బజారు తిరగడం మొదలుపెట్టింది. ఐరన్ షాపుకు వెళ్ళి అడిగారట, "సార్, మీ సంస్థలో ఖాళీలేమైనా ఉన్నాయా?" అని.

"ఖాళీయా? పొద్దుట్నుంచీ నేనే ఖాళీగా ఉండాను. కూర్చోండి, కబుర్లు చెప్పుకుందాం," అన్నాడట ఆయన.

బట్టల కొట్టు ఆయన ఇంకా మంచివాడు. "మా వాడు ఇంజనీరింగు చదివి ఇంట్లోనే ఉన్నాడు. మీ కాలేజీలో ఈ పనేదో వాడికీ ఇప్పియ్యండమ్మా," అని వాడి ఫోటో ఇచ్చి పంపాడు.

ఏడాది తిరిగేసరికి జూనియర్లకు ఒక్క ఉద్యోగమూ దొరకలేదు. సర్క్యులర్ ప్రకారం వాళ్ళనీ అసోసియేట్లుగా వేసుకున్నారు. అప్పుడు ముందువాళ్ళు సీనియర్ అసోసియేట్లయ్యారు. కొత్తవాళ్ళు బజారు తిరుగుతారు, పాతవాళ్ళు వాళ్ళు తిరిగారా లేదా అని వెనకాల తిరుగుతారు. ఈ ఏర్పాటు చూసి బీకాం వాళ్ళు, బీఏ వాళ్ళు మాకేం తక్కువ అన్నారు. వాళ్ళనీ చేర్చుకున్నారు. ప్లేస్‌మెంట్ సెల్ గది చాలక మొదట లైబ్రరీ ఇచ్చారు, తర్వాత క్లాసు రూములు ఇచ్చారు. చదువుకునే పిల్లలు సైకిల్ స్టాండు రేకుల కిందికి మారారు. జువాలజీ ల్యాబు సీనియర్ అసోసియేట్ల విశ్రాంతి మందిరమైంది. అందులోని మైక్రోస్కోపులు అడ్డమని మూటగట్టి స్టోర్ రూములో పడేస్తుంటే లిఖిత వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని బతిమాలి ఒకటి ఇంటికి తెచ్చుకుంది.

"దీన్నేం చేసుకుంటావే?" అంది వాళ్ళమ్మ.

"చూసుకుంటానమ్మా," అంది అది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్ళ తొట్టె, కూజా, పెరట్లో బురదగుంట దేన్నీ వదల్లేదు. చుక్క తీయడం, అద్దం కింద పెట్టడం, కన్ను ఆనించడం. బజారు తిరిగి వచ్చినప్పుడు వడిలిపోయి ఉండే పిల్ల ఆ గొట్టంలోకి చూస్తుంటే మళ్ళీ పదేళ్ళ పిల్లయ్యేది. నేను మాత్రం ఆ కూజా నీళ్ళు తాగడం మానేశాను.

రెండో సంవత్సరం మండలి అధ్యక్షుల వారు స్వయంగా తనిఖీకి వచ్చారు. పేరు డాక్టర్ పరాంకుశం. ఆయన కాలేజీ లోపలికి రాకముందే ఊళ్ళో ఉన్న ఫ్లెక్సీలన్నీ కారులో తిరిగి చూసుకున్నారు. ఒక్కో దాని ముందు దిగి, మొహం మొహం పరికించి, తృప్తిగా తల పంకించారట. తర్వాత కాలేజీకి వచ్చి వరండాలో ఓ అమ్మాయిని ఆపి అడిగారు.

"మీరు ఏ విధులు నిర్వర్తిస్తారమ్మా?"

"ఉద్యోగాలు వెతుకుతాం సార్."

"ఎవరి నిమిత్తం?"

"రేపు మాతో కలిసి ఉద్యోగాలు వెతకబోయే వాళ్ళ కోసం సార్."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. ఏదైనా తప్పు జరిగిందేమోనని అందరం బిక్కచచ్చిపోయాం. ఆయన కళ్ళు తెరిచి వేదిక ఎక్కి అన్నారు: "మిత్రులారా! బయటి ప్రపంచం మీద ఆధారపడకుండా ఉపాధి తనను తాను సృష్టించుకొనుచు, తనను తాను పోషించుకొనుచు ముందుకు సాగే దృశ్యాన్ని నేడు కన్నులారా తిలకించాను. ఇది స్వయంపోషక ఉపాధి చక్రం. దీనిని రాష్ట్రమంతటా ప్రవేశపెట్టవలసిందిగా సిఫారసు చేయుచున్నాను."

చప్పట్లకు సైకిల్ స్టాండు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. అభినందన ఫ్లెక్సీ నేనే వేశాను, నాలుగు సెంటర్లలో.

ఇంతవరకూ కథ బాగానే ఉంది. చిక్కంతా మా అమ్మాయికి నిజం ఉద్యోగం దొరకడంతో వచ్చింది.

మా ఊరికి సముద్రం దగ్గర. ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలున్నాయి. గుడ్ల నుంచి పిల్లల్ని పొదిగించి చెరువులవాళ్ళకు అమ్ముతారు. బజారంతా తిరగడం అయిపోయాక లిఖిత ఆటో ఎక్కి అక్కడిదాకా వెళ్ళింది, జూనియర్లకు ఏదైనా దొరుకుతుందేమోనని. ఒక హేచరీలో మేనేజరు యోహాను గారని పెద్దాయన. అలవాటైన ప్రశ్న అడిగింది.

"ఖాళీ ఉందమ్మే," అన్నాడాయన.

లిఖితకు ఏం చేయాలో తోచలేదట. రెండేళ్ళలో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు.

"ల్యాబులో మనిషి కావాల. మైక్రోస్కోపు చూడ్డం వచ్చినోళ్ళు మీ కాలేజీలో ఉన్నారా?"

"నాకొచ్చు సార్," అంది.

ఆయన ఓ ట్యాంకులోంచి బీకరుతో రొయ్య పిల్లలున్న నీళ్ళు ముంచి ఇచ్చాడు. అది చూసింది. చాలాసేపు చూసింది. "ఇవి రాత్రి నుంచి మేత తినడం లేదు సార్. కడుపులో ఏమీ లేదు. ఒంటి మీద పరాన్నజీవి కూడా పట్టుకుంటోంది. పక్క ట్యాంకులోకి పాకక ముందే నీళ్ళు మార్చాలి," అంది. యోహాను గారు కేకేసి పనివాళ్ళను పిలిచాడు. ఆ ట్యాంకు పని అయ్యేదాకా దాన్ని పంపలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి లిఖిత చెప్పులైనా విప్పకుండా ఈ సంగతి చెప్పింది. "నానా, సోమవారం నించి రమ్మన్నారు. తల్లి రొయ్యలు వస్తన్నాయంట, ఆలోగా మనిషి కావాలంట. కానీ..."

"కానీ ఏందమ్మా?"

"బస్టాండులో నా మొహం చూశారంట. ఆ కాలేజీలో పెద్ద ఉద్యోగంలో ఉన్నావుగా, అక్కడ సరిగ్గా రిలీవ్ అయ్యి రా, ఇంకొకళ్ళ మనిషిని లాక్కొచ్చానని నాకు మాట రాకూడదు, అన్నారు."

అదెంత పని అనుకున్నాను. పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. సంగతి విని ఆయన మొహం పాలిపోయింది.

"మాల్యాద్రి గారూ, మీరు అడుగుతున్నదేమిటో మీకు అర్థమవుతోందా? మీ అమ్మాయి రాజీనామా చేసిన మరుక్షణం ఉపాధిరహితురాలు అవుతుంది. ఒక్కరు ఉపాధిరహితులైతే కోర్సు రద్దు. కోర్సు రద్దైతే ప్లేస్‌మెంట్ సెల్ రద్దు. సెల్ రద్దైతే ఇంతమంది పిల్లల ఉద్యోగాలు గాలికిపోతాయి. ఒక ఉద్యోగం కోసం ఇన్ని ఉద్యోగాలను బలిపెట్టడం న్యాయమా?"

"ఉపాధిరహితురాలు ఎట్టయిద్ది సార్? హేచరీలో ఉద్యోగం వచ్చింది గదా?"

"వారు ఫ్లెక్సీ వేస్తారా?"

"రొయ్యలకి ఫ్లెక్సీ ఎందుకు సార్?"

"అయితే అది ఉద్యోగం కాదు. కేవలం పని."

"పోనీ నేనే వేస్తా సార్, ఊరికే వేస్తా. ఫలానా హేచరీలో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని."

"ఒకే మొహం ఏకకాలంలో రెండు ఫ్లెక్సీలపై కనిపించుట ద్వంద్వ ఉపాధి. అది ఇంకా పెద్ద నేరం."

"పాతది దించేసి కొత్తది కడతా."

"దించడానికీ కట్టడానికీ మధ్య ఆ నిచ్చెన ఎక్కే సమయంలో మీ అమ్మాయి పరిస్థితి ఏమిటి? ఉపాధిరహితురాలే గదా?"

ఆయన చెడ్డమనిషి కాడు. లిఖిత వంక జాలిగా చూసి గొంతు తగ్గించారు. "ఒక మొహాన్ని ఫ్లెక్సీ నుంచి నిష్కళంకంగా తొలగించాలంటే ఆ మనిషి పోయి ఉండాలి. మరొక మార్గం నాకు తోచడం లేదు. అయితే ఆ మాట మేము సూచించలేము."

ఇంటికొచ్చి ఇది చెబితే ఆదిలక్ష్మి చీపురు తీసుకుని కాలేజీకి బయల్దేరింది. గుమ్మం దగ్గర పట్టుకుని ఆపాను.

"నువ్వు పోయ్యా! నా బిడ్డ మొహం మధ్యలో పెద్దదిగా పెట్టింది ఎవరు? ఒక మూల చిన్నదిగా ఏసుంటే ఆ హేచరీ ఆయనకి కనపడేదా?" అని నా మీద పడింది. లిఖిత మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి మూలన పెట్టింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

శనివారం మధ్యాహ్నం షాపులో హైస్కూలు హెడ్‌మాస్టరు గారి ఫ్లెక్సీ డిజైను చేస్తున్నాను. లిఖిత అన్నం క్యారియరు తెచ్చి పక్కన కూర్చుంది. స్క్రీను మీద హెడ్‌మాస్టరు గారు శాలువా కప్పుకుని నవ్వుతున్నారు. అది చాలాసేపు దానివంకే చూసింది.

"నానా, ఈయనకి ఉద్యోగం పోయిందా?"

"పోవడమేందమ్మా, రిటైరయ్యాడు."

"అంటే ఇప్పుడు ఉద్యోగం లేదుగా?"

"లేదు."

"మరి నిరుద్యోగి అనరే?"

"ఛ, ఛ, పెద్దమనిషిని పట్టుకుని అట్టంటారా? రిటైర్డ్ హెడ్‌మాస్టర్ అంటారు." అని ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను. అది నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. క్యారియరు అలాగే వదిలేసి ఇద్దరం కాలేజీకి పరిగెత్తాం.

ప్రిన్సిపాల్ గారు మొదట ససేమిరా అన్నారు. "పదవీ విరమణా? ఈ వయసులోనా?"

రంగనాయకులు గారు అక్కడే ఉన్నారు. "వయసుదేముంది సారూ, సర్వీసు పూర్తయిందా లేదా అదీ లెక్క. ఈ పోస్టు పుట్టించింది మనమే గదా. సర్వీసు రెండేళ్ళని రాసుకో. పట్టాళంలోంచి ముప్పై అయిదేళ్ళకి రావడంలా?"

"మండలి వారు అంగీకరించాలి గదండీ," అని చెంచురామయ్య గారు పరాంకుశం గారికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు. సంగతంతా వివరించారు. లిఖిత నా చెయ్యి పట్టుకుంది.

"చెంచురామయ్య గారూ," అన్నారు పరాంకుశం గారు. "పదవీ విరమణ ఉపాధికి వ్యతిరేకం కాదు. అది ఉపాధి యొక్క పరిపూర్ణత. విద్యార్థిని ఉద్యోగంలో చేర్చి చేతులు దులుపుకునే కళాశాలలు కోకొల్లలు. చేర్చిన విద్యార్థిని చెయ్యి పట్టుకుని రిటైర్మెంటు దాకా నడిపించిన కళాశాల ఈ భూమ్మీద మీదొక్కటే. సన్మానం ఘనంగా చేయండి. ఫ్లెక్సీ పెద్దది వేయండి."

ఆదివారం సాయంత్రం సన్మానం. లిఖితను పట్టుచీరలో వేదిక మీద కూర్చోబెట్టారు. ప్లేస్‌మెంట్ సెల్‌లో ఉన్న పిల్లలంతా వచ్చారు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు దాని సుదీర్ఘ సేవలను కొనియాడారు. హెడ్‌మాస్టరు గారి సన్మానం కోసం రాసుకున్న ప్రసంగాన్నే తెలుగు మాస్టారు ఇక్కడా చదివేసినట్టున్నారు, "తల నెరిసినా తరగని ఉత్సాహం" అన్నారు. లిఖిత జడ సవరించుకుంది.

చెంచురామయ్య గారు శాలువా కప్పుతూ కంటతడి పెట్టుకున్నారు. "ఇన్నాళ్ళూ ఉద్యోగ బాధ్యతలతో సతమతమైన శ్రీమతి... కుమారి లిఖిత, ఇకపై శేష జీవితాన్ని సుఖసంతోషాలతో, ఆయురారోగ్యాలతో, మనవలతో మనవరాళ్ళతో ప్రశాంతంగా గడపాలని ఆకాంక్షిస్తున్నాను."

పడక కుర్చీ రంగనాయకులు గారు స్వయంగా మోసుకొచ్చి ఇచ్చారు. "కాసేపు నడుం వాల్చమ్మే, కష్టపడ్డావు," అన్నారు. ఫోటో కోసం అది అందులో వాలక తప్పలేదు.

ఆదిలక్ష్మి ముందు వరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "దాని పెళ్ళి చూస్తా అనుకున్నా గానీ, ముందుగా దాని రిటైర్మెంటు చూస్తాననుకోలేదయ్యా," అంది. పక్కనున్నావిడ ఓదారుస్తూ, "పోనీలే వదినా, ఇంక ఇంటి పట్టునే ఉంటది," అంది.

సోమవారం పొద్దున్నే రిటైర్డ్ సీనియర్ ప్లేస్‌మెంట్ అసోసియేట్ లిఖిత ఆటోలో పడక కుర్చీ వేసుకుని హేచరీకి వెళ్ళి డ్యూటీలో చేరింది. దానికి ఏ ఫ్లెక్సీ లేదు. కుర్చీ ఇప్పటికీ ల్యాబు బయట ఉంటుంది. మధ్యాహ్నం పూట యోహాను గారు అందులో కునుకు తీస్తుంటారు. కష్టం చేసే మనిషి, తీయనివ్వండి.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను గానీ మొన్న జరిగింది చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

హేచరీలో కొత్త ట్యాంకులు కట్టారు. యోహాను గారు లిఖితను పిలిచి, "నీలాంటోళ్ళు ఇంకో పది మంది కావాలమ్మే. మైక్రోస్కోపు పట్టుకోడం రాకపోయినా పర్లేదు, నువ్వు నేర్పిచ్చుకో. నీ కాలేజీ నించే తీసుకురా," అన్నాడు. దాని సంతోషం చూడాలి. కాలేజీ పెట్టిన నాటి నుంచి ఒక కంపెనీ ఉద్యోగాలిస్తామంటూ గేటు లోపలికి రావడం అదే మొదటిసారి. నన్ను కూడా తోడు రమ్మంటే షాపు మూసి వెళ్ళాను.

వరండా పొడుగునా పిల్లలు కుర్చీల్లో, మెట్ల మీద, నేల మీద ఐడీ కార్డులు మెడలో వేసుకుని కూర్చుని ఉన్నారు. లిఖితను చూసి లేచి నిలబడ్డారు, రిటైరైన పెద్దమనిషి కదా. మేం లోపలికి వెళ్ళి సంగతి చెప్పాం.

చెంచురామయ్య గారు సంతోషించారు. మంచినీళ్ళు తెప్పించారు. తర్వాత ఎంతో విచారంగా అన్నారు: "పొరపాటు చోటికి వచ్చావమ్మా. మా కళాశాలలో నిరుద్యోగులు లేరు. ఒక్కరంటే ఒక్కరు లేరు."

"బయట వరండా నిండా కూర్చుని ఉన్నారు గదా సార్?"

"వారు ఉద్యోగులు. డ్యూటీలో ఉన్నారు."

"ఏం డ్యూటీ సార్?"

"నీలాంటి కంపెనీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం."

"నేను వచ్చాను గదా సార్!"

"వచ్చావమ్మా. కాదనను. కానీ వారంతా నీ వెంట వెళ్ళిపోతే, రేపు వచ్చే కంపెనీ కోసం ఎవరు ఎదురుచూస్తారు? వ్యవస్థ కుప్పకూలిపోదూ?"

లిఖిత నా వంక చూసింది. నేను ప్రిన్సిపాల్ గారి గోడ మీదున్న మండలి వారి అభినందన పత్రం వంక చూశాను. ఇద్దరం నమస్కారం పెట్టి బయటికొచ్చాం. వరండాలో పిల్లలు చుట్టూ మూగారు. మస్తాన్‌వలి అని బీజెడ్‌సీ కుర్రాడు, రెండేళ్ళ సర్వీసు నిండిన వాళ్ళ బ్యాచిలో అందరికంటే ముందు నిలబడి, "అక్కా, ఏమన్నారు?" అన్నాడు.

లిఖిత గొంతు తగ్గించి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. వాడి మొహం మాత్రం వెలిగిపోయింది.

నేను షాపుకొచ్చి షట్టరు ఎత్తేసరికి వాడు అక్కడే ఉన్నాడు. వెనకాల ఇంకా కొందరు, వాళ్ళ వెనకాల ఇంకా కొందరు. టీ కొట్టు దాకా ఉంది లైను. అందరి చేతుల్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలు.

"అంకుల్, రిటైర్మెంటు ఫ్లెక్సీ. రేపటికల్లా కావాల," అన్నాడు మస్తాన్‌వలి.

హెడ్‌మాస్టరు గారి డిజైను తీసి ఆయన మొహం తుడిచేసి వీడి మొహం పెట్టాను. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. శాలువా భుజాల మీద నిలవడం లేదు, లాగి సర్దాను. కింద అక్షరాలు మిగిలిపోయాయి: శేష జీవితం సుఖసంతోషాలతో సాగాలని కోరుతూ.

"ఈ లైను తీసేస్తాలే నాయనా. నీ వయసుకి బాగోదు," అన్నాను.

వాడు స్క్రీను దగ్గరికి వంగి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఉంచండంకుల్," అన్నాడు. "ఆ జీవితం ఇంకా అంతా అట్టానే ఉందిగా."